55 పరుగులు చేసి ఓడిన జట్టు
(సాంఖ్యక శాస్త్ర పాఠము)

సాంఖ్యక శాస్త్రమునందు మొదటి పాఠము సగటు. పది అంకెలను కూడి పదిచేత భాగించుట వచ్చిన ప్రతి విద్యార్థియు తనకు సగటు తెలిసినదనియే తలచును. కాని సగటును కనుగొనుట వేరు. అది ఏమి చెప్పుచున్నదో, ఏమి దాచుచున్నదో గ్రహించుట వేరు. ఈ రెండవ విద్య సూత్రములను కంఠస్థము చేసినంత మాత్రమున అలవడదు. నిజముగా జరిగిన ఒక సంగతిని ముందుంచుకొని, దాని అంకెలను ఒక్కొక్కటిగా పరీక్షించినప్పుడే అలవడును. అట్టి సంగతి నొకదానిని ఈ వ్యాసమున విద్యార్థుల ముందుంచదలచితిమి.

ఇది మన దేశమున జరిగినది కాదు. మన విద్యార్థులు ఆడు ఆటయు కాదు. 1960వ సంవత్సరము అక్టోబరు నెలలో అమెరికా దేశమున బేస్‌బాల్ విజేతను తేల్చు వరల్డ్ సిరీస్ పోటీ జరిగినది. న్యూయార్కు యాంకీస్, పిట్స్‌బర్గు పైరేట్స్ అను రెండు జట్లు తలపడినవి. ఏడు ఆటలలో యాంకీస్ 55 పరుగులు చేసి, ప్రత్యర్థులకు 27 పరుగులు మాత్రమే ఇచ్చినది. అయినను ఓడిపోయినది. రెట్టింపునకు మించి పరుగులు చేసినవారు ఎట్లు ఓడిరి? అది అన్యాయమా, అదృష్టమా, అసమర్థతయా? ఈ ప్రశ్నకు సమాధానము వెదకుటయే నేటి పాఠము.

ఆట స్వరూపము

క్రికెట్ ఎరిగినవారికి బేస్‌బాల్ సూక్ష్మముగా తెలిసిన చాలును. పిచ్చర్ విసిరిన బంతిని బ్యాటర్ కొట్టి, బేసులు అను గుర్తులను వరుసగా చుట్టి, బయలుదేరిన చోటికి తిరిగి వచ్చినచో ఒక పరుగు. ముగ్గురు అవుటయినచో ఆ జట్టు వంతు ముగియును. ఇట్టి వంతులు ఒక్కొక్క జట్టుకు తొమ్మిది, వీనినే ఇన్నింగ్సులందురు. బంతిని కంచె దాటునట్లు కొట్టినచో అది హోంరన్. అప్పుడు బ్యాటర్‌తో పాటు బేసులపై నిలిచియున్నవారందరును పరుగులు పూర్తిచేయుదురు. కావున ఒక్క దెబ్బతో నాలుగు పరుగుల వరకు రావచ్చును.

ఆ కాలమున అమెరికాలోని రెండు పెద్ద లీగులలో ప్రతి జట్టును ఏటా 154 ఆటలు ఆడెడిది. ఒక్కొక్క లీగునందు ప్రథమస్థానము పొందిన జట్లు రెండును వరల్డ్ సిరీస్‌లో కలిసెడివి. ముందుగా నాలుగు ఆటలు గెలిచినవారే విజేతలు. విద్యార్థులు ఈ నియమమును జాగ్రత్తగా గుర్తుంచుకొనవలెను. లెక్కింపబడునవి గెలిచిన ఆటలే గాని పరుగుల మొత్తము కాదు. నేటి ఆటలో మిగిలిన పరుగులు రేపటి ఆట ఖాతాకు జమ కావు.

ఏడు ఆటల లెక్క

అక్టోబరు 5వ తేదీ మొదలు 13వ తేదీ వరకు జరిగిన ఏడు ఆటల ఫలితములు ఇవి.

మొదటి ఆట: యాంకీస్ 4, పైరేట్స్ 6
రెండవ ఆట: యాంకీస్ 16, పైరేట్స్ 3
మూడవ ఆట: యాంకీస్ 10, పైరేట్స్ 0
నాలుగవ ఆట: యాంకీస్ 2, పైరేట్స్ 3
అయిదవ ఆట: యాంకీస్ 2, పైరేట్స్ 5
ఆరవ ఆట: యాంకీస్ 12, పైరేట్స్ 0
ఏడవ ఆట: యాంకీస్ 9, పైరేట్స్ 10

పట్టికను ఒక్కమారు చూచినంతనే విషయము సగము బోధపడును. యాంకీస్ గెలిచినవి మూడు ఆటలు. వానిలో 13, 10, 12 పరుగుల ఆధిక్యము, వెరసి 35. పైరేట్స్ గెలిచినవి నాలుగు ఆటలు. వానిలో 2, 1, 3, 1 పరుగుల ఆధిక్యము, వెరసి 7. ఒకరు 35 పరుగుల మిగులుతో మూడు ఆటలు కొనిరి; మరియొకరు 7 పరుగుల మిగులుతో నాలుగు ఆటలు కొనిరి. 35లో నుండి 7 తీసివేసినచో వచ్చు 28యే 55కును 27కును గల భేదము. లెక్కలో తప్పు లేదు. ఆ మొత్తమును మనము అర్థము చేసికొన్న తీరులోనే తప్పున్నది.

ఇప్పుడు యాంకీస్ పక్షమున నిలిచి ఆధిక్యములను వరుసగా వ్రాయుదము. ఓడిన ఆటకు ఋణ సంజ్ఞ నుంచవలెను: −2, +13, +10, −1, −3, +12, −1. వీని మొత్తము 28. ఏడుచేత భాగింపగా అంకమధ్యమము, అనగా సగటు, +4. సగటున ఆటకు నాలుగు పరుగుల ఆధిక్యము గల జట్టు ఇది! ఇక వీనినే చిన్నదానినుండి పెద్దదానికి క్రమముగా పేర్చుదము: −3, −2, −1, −1, +10, +12, +13. నడిమి అంకె, అనగా మధ్యగతము, −1. సగటు యాంకీస్ గెలిచినట్లు చెప్పుచున్నది. మధ్యగతము వారు ఒక్క పరుగుతో ఓడినట్లు చెప్పుచున్నది. నిజముగా జరిగినది రెండవదియే.

సగటు ప్రతి అంకె బరువును మోయును. కావున రెండు మూడు పెద్ద అంకెలు దానిని తమవైపు లాగికొనును. మధ్యగతము వరుసలో స్థానమును మాత్రమే చూచును. +13 బదులు +30 వచ్చియున్నను మధ్యగతము చలింపదు, విజేతయు మారడు. ఏ ప్రశ్నకు ఏ కొలత తగునో ఎంచుకొనుటయే సాంఖ్యక శాస్త్రజ్ఞుని మొదటి కర్తవ్యము. 'ఎన్ని పరుగులు?' అను ప్రశ్నకు మొత్తము సమాధానము. 'ఎన్ని ఆటలు?' అను ప్రశ్నకు మొత్తము సమాధానము కాజాలదు.

మెతుకు, కుండ

అయినను వాదము ఇచట ముగియదు. యాంకీస్ అభిమానులు ఇట్లు పలుకవచ్చును: “సరే, నియమము ప్రకారము ఓడితిమి. కాని మేమే మేలైన జట్టు అనుటకు 55 పరుగులే సాక్ష్యము కదా!” ఇది మొదటిదానికంటె లోతైన ప్రశ్న. ఏడు ఆటలు చూచి ఒక జట్టు బలమును నిర్ణయింపవచ్చునా?

అన్నము ఉడికినదో లేదో తెలియుటకు ఒక్క మెతుకు పట్టి చూచిన చాలునని మన పెద్దలు చెప్పుదురు. ఆ మాట నిజమే. కుండలోని మెతుకులన్నియు ఒకే నీటిలో, ఒకే మంటపై ఉడికినవి. కావున ఒకదానికిని మరియొకదానికిని భేదము స్వల్పము. భేదము స్వల్పమైనచోట చిన్న మచ్చు చాలును. భేదము అధికమైనచోట పెద్ద మచ్చు కావలెను. మరి బేస్‌బాల్ ఆటలు ఒకే కుండలోని మెతుకులవంటివా? ఒక దినము +13, మరియొక దినము −3 వచ్చినప్పుడు అవి అట్టివి కావని స్పష్టమే.

ఈ భేదమును కొలుచు సాధనము ప్రామాణిక విచలనము. సగటు 4 నుండి ఏడు ఆధిక్యముల దూరములు −6, 9, 6, −5, −7, 8, −5. వీని వర్గముల మొత్తము 316. మచ్చు చిన్నది గనుక ఏడునకు బదులు ఆరుచేత భాగించి వర్గమూలము తీసినచో సుమారు 7.26 వచ్చును. దీనిని ఏడు యొక్క వర్గమూలముచేత భాగించినచో సగటునకు గల ప్రామాణిక దోషము 2.74 అగును. ఏడు పరిశీలనలకు పట్టికలోని గుణకము 2.447. కావున యాంకీస్ వారి నిజమైన ఆధిక్యము నూటికి 95 పాళ్ల విశ్వాసముతో 4 − 6.7 మొదలు 4 + 6.7 వరకు, అనగా −2.7 నుండి +10.7 వరకు ఎచటనైనను ఉండవచ్చును. ఆ పరిధిలో సున్న చేరియున్నది, ఋణసంఖ్యలును చేరియున్నవి. ఏడు అంకెలపై చేసిన ఈ పరీక్ష ఉజ్జాయింపు మాత్రమే యైనను, దాని తీర్పు స్పష్టము. ఏడు ఆటల సాక్ష్యముతో యాంకీస్ మేలైన జట్టు అని నిశ్చయించుటకు వీలులేదు.

చిన్న మచ్చు చాలనప్పుడు పెద్ద మచ్చును వెదకవలెను. అట్టిది మనకు సిద్ధముగా కలదు: ఆ యేడు రెండు జట్లును తమ తమ లీగులలో ఆడిన ఆటలు. ఫలితము తేలిన 154 ఆటలలో యాంకీస్ 97, పైరేట్స్ 95 గెలిచినవి. పరుగుల విషయమున యాంకీస్ 746 చేసి 627 ఇచ్చినది, ఆధిక్యము 119. పైరేట్స్ 734 చేసి 593 ఇచ్చినది, ఆధిక్యము 141. విద్యార్థులు ఇచట ఒక్క క్షణము ఆగి ఆలోచింపవలెను. సంవత్సరము పొడుగునను పరుగుల ఆధిక్యము ఎక్కువగా గలవారు ఓడిన యాంకీస్ కాదు, గెలిచిన పైరేట్స్!

అమెరికాలో బేస్‌బాల్ అంకెలను శాస్త్రీయముగా పరిశీలించినవారిలో బిల్ జేమ్స్ ప్రసిద్ధుడు. 1977 నుండి ఆయన ప్రకటించుచు వచ్చిన గ్రంథములు ఆ ఆటను చూచు దృష్టినే మార్చినవి. పరుగులనుబట్టి గెలుపులను అంచనా కట్టుటకు ఆయన ఒక సులభ సూత్రము చెప్పెను. చేసిన పరుగుల వర్గమును, చేసిన పరుగుల వర్గము, ఇచ్చిన పరుగుల వర్గము, ఈ రెంటి మొత్తముచేత భాగింపవలెను. వచ్చిన భిన్నమే ఆ జట్టు గెలువదగిన పాలు. రెండు వర్గముల మొత్తము వచ్చుటచేత దీనికి పైథాగరస్ పేరు తగిలించిరి. ఈ సూత్రము ప్రకారము పైరేట్స్ 154 ఆటలలో సుమారు 93, యాంకీస్ సుమారు 90 గెలువవలెను. రెండు లీగుల జట్లు ఆనాడు సంవత్సరపు ఆటలలో పరస్పరము ఆడెడివి కావు గనుక ఈ పోలిక సంపూర్ణము కాదు. అయినను పైరేట్స్ జట్టు అల్పమైనదనియు, అదృష్టముచేతనే గెలిచినదనియు చెప్పుటకు ఈ అంకెలలో ఆధారము లేదు. 154 ఆటల సాక్ష్యమును విడిచి మూడు ఆటల గర్జనను నమ్మినవారికి మాత్రమే ఆ ఓటమి అద్భుతముగా తోచును.

చిన్న మచ్చు చూపు చిత్రములకు మరియొక ఉదాహరణము చెప్పుదుము. ఆ సిరీస్‌లో ఉత్తమ ఆటగాని బహుమానము ఓడిన యాంకీస్ జట్టులోని బాబీ రిచర్డ్‌సన్‌కు లభించినది. ఓడిన జట్టునుండి ఈ బహుమానము పొందినవాడు ఆయన ఒక్కడే. ఆ సంవత్సరము 150 ఆటలలో ఆయన బ్యాటుచే జట్టుకు వచ్చిన పరుగులు 26. వరల్డ్ సిరీస్‌లో ఏడు ఆటలలోనే 12. మనిషి మారలేదు, బ్యాటు మారలేదు. మచ్చు మాత్రము చిన్నదైనది.

మేలైన జట్టు ఎంత తరచుగా ఓడును?

ఈ ప్రశ్నను శాస్త్రీయముగా చేపట్టిన ఘనత హార్వర్డు విశ్వవిద్యాలయపు ఆచార్యుడు ఫ్రెడరిక్ మాస్టెల్లర్‌కు చెందును. ఆయన బోస్టన్ రెడ్ సాక్స్ జట్టు అభిమాని. 1946లో ఆ జట్టు 104 ఆటలు గెలిచి వరల్డ్ సిరీస్‌కు వచ్చి, సెయింట్ లూయీ కార్డినల్స్ చేతిలో 4-3 తేడాతో ఓడిపోయినది. సామాన్యుడైన అభిమాని అయినచో కొంతకాలము విచారించి మరచిపోవును. మాస్టెల్లర్ ఆ విచారమును ఒక ప్రశ్నగా మార్చెను: మేలైన జట్టు వరల్డ్ సిరీస్ గెలుచు సంభావ్యత ఎంత? ఆనాటివరకు జరిగిన పోటీల ఫలితములను పరిశీలించి, 1952లో అమెరికా సాంఖ్యక శాస్త్ర సంఘపు పత్రికలో తన వ్యాసమును ప్రకటించెను. ఆయన అంచనా ప్రకారము ఆ సంభావ్యత సుమారు 0.80. అనగా అయిదు సిరీస్‌లలో ఒకదానిలో మేలైన జట్టే ఓడును.

ఈ లెక్క చేయుటకు ఇంటర్మీడియెట్ గణితము చాలును. ఒక జట్టు ప్రతి ఆటలోను గెలుచు సంభావ్యత 0.6 అనుకొందము. నాలుగు ఆటలును వరుసగా గెలుచుటకు సంభావ్యత 0.6 యొక్క నాలుగవ ఘాతము, అనగా 0.1296. ఒక ఆట ఓడి గెలువవలెనన్న ఆ ఓటమి మొదటి నాలుగు ఆటలలో ఎచటనైనను రావచ్చును. కడపటి ఆట గెలుపే కావలెను. కావున 4 × 0.1296 × 0.4 = 0.2074. రెండు ఓడి గెలుచుటకు మార్గములు 10, సంభావ్యత 0.2074. మూడు ఓడి గెలుచుటకు మార్గములు 20, సంభావ్యత 0.1659. నాలుగును కూడినచో సుమారు 0.71. పది ఆటలలో ఆరు గెలువగల బలమైన జట్టు సైతము ఇట్టి సిరీస్‌లో నూటికి 29 మార్లు ఓడుననుట. అదే సంభావ్యత 0.55 అయినచో నూటికి 39 మార్లు ఓడును. అట్టి జట్టు తన ఆధిక్యమును నూటికి 95 పాళ్లు నిలువబెట్టుకొనవలెనన్న ఏడు ఆటలు కాదు, 250కు పైగా ఆటలు ఆడవలసి వచ్చును.

చరిత్రయు ఈ లెక్కకు సాక్ష్యమిచ్చుచున్నది. ఒక సంవత్సరమున అత్యధికముగా 116 ఆటలు గెలిచిన జట్లు రెండు. మొదటిది 1906 నాటి చికాగో కబ్స్. అది ఆ యేటి వరల్డ్ సిరీస్‌లో తన నగరమునకే చెందిన వైట్ సాక్స్ చేతిలో 4-2 తేడాతో ఓడినది. రెండవది 2001 నాటి సియాటిల్ మారినర్స్. అది వరల్డ్ సిరీస్‌కు చేరకయే యాంకీస్ చేతిలో 4-1 తేడాతో ఓడినది. సంవత్సరము పొడుగున శిఖరముపై నిలిచినవారు వారము దినములలో జారిపడుట విధి వైపరీత్యము కాదు. చిన్న మచ్చు స్వభావము.

నింద ఎవరిది?

ఓటమి కలిగినచోట నిందయు కలుగును. యాంకీస్ మేనేజరు కేసీ స్టెంగెల్ 1949 నుండి పండ్రెండు సంవత్సరములలో ఆ జట్టును పదిమార్లు లీగు విజేతగాను, ఏడుమార్లు వరల్డ్ సిరీస్ విజేతగాను నిలిపినవాడు. 1960 ఓటమి జరిగిన కొలది దినములలోనే, డెబ్బదియేండ్ల వయస్సున, ఆయనను పదవినుండి తొలగించిరి. ఆయనపై మోపిన ముఖ్యమైన తప్పు ఇది: జట్టులోని మేటి పిచ్చర్ వైటీ ఫోర్డును మొదటి ఆటకు గాక మూడవ ఆటకు పంపుట. ఫోర్డు మూడవ ఆటలోను ఆరవ ఆటలోను ఒక్క పరుగైనను ఇవ్వలేదు. మొదటి ఆటకే పంపియున్నచో ఆయన మూడు ఆటలు ఆడగలిగెడివాడనియు, సిరీస్ దక్కెడిదనియు విమర్శకుల వాదము. మొదటి ఆటకు పంపిన ఆర్ట్ డిట్మార్ తొలి ఇన్నింగ్సు ముగియకముందే వైదొలగవలసి వచ్చినది. అయిదవ ఆటలోను ఆయన రెండవ ఇన్నింగ్సు దాటలేకపోయెను.

వాదము బలమైనదే. కాని ఒక నిర్ణయమును తూచునపుడు ఆ నిర్ణయము చేసిననాడు తెలిసిన అంకెలతో తూచవలెను గాని, పిమ్మట తెలిసిన ఫలితముతో కాదు. ఆ సంవత్సరము డిట్మార్ 15 ఆటలు గెలిచెను; ఫోర్డు 12 గెలిచెను. తొమ్మిది ఇన్నింగ్సులకు ఇచ్చిన పరుగుల సగటులో ఇద్దరును దాదాపు సమానులు, మూడు పరుగులకు కొంచెము పైన. ఫోర్డు పూర్వచరిత్రను తలచి ఆయననే పంపవలసినదనుటకు కారణము కలదు. డిట్మార్‌ను పంపుటకును కారణము కలదు. మరియొక విశేషము గమనింపుడు. ఫోర్డు పరుగులివ్వని రెండు ఆటలలో జట్టు చేసిన పరుగులు 10, 12. ఆయన తొమ్మిదేసి పరుగులు ఇచ్చియున్నను ఆ రెండును గెలిచెడివే. ఆయన ప్రతిభ అవసరము తక్కువయైన దినములలోనే వ్యయమైనది. కాని ఏ దినము అవసరమో ముందుగా ఎవరికి తెలియును?

కడపటి ఆటను తలచుకొనుడు. ఎనిమిదవ ఇన్నింగ్సులో యాంకీస్ 7-4 ఆధిక్యములో నున్నప్పుడు, ఇద్దరిని అవుటు చేయదగిన బంతి యొకటి నేలపై వింతగా ఎగిరి యాంకీస్ ఆటగాడు టోనీ కూబెక్ కంఠమునకు తగిలినది. ఆ ఇన్నింగ్సులో పైరేట్స్ అయిదు పరుగులు చేసిరి. యాంకీస్ తిరిగి 9-9గా సమము చేసిరి. తొమ్మిదవ ఇన్నింగ్సు రెండవ భాగమున బిల్ మజెరాస్కీ మొదటి బ్యాటరుగా వచ్చి హోంరన్ కొట్టెను, సిరీస్ ముగిసినది. ఆ బంతి సవ్యముగా దొరలియున్నచో స్టెంగెల్ పదవి నిలిచియుండెడిదేమో. పండ్రెండేండ్ల పనిని ఒక్క బంతి గంతుతో తూచుట న్యాయమా?

మన కళాశాలకు ఈ పాఠము

ఇంతవరకు చెప్పినది పరదేశపు ఆట. కాని దాని నీతి మన ఇంటిదే. ప్రతి వేసవిలోను పరీక్షా ఫలితములు వెలువడును. ఉత్తీర్ణుల శాతము కార్యవర్గము ముందుకు వచ్చును. ఆ శాతమునుబట్టి ఒక శాఖను మెచ్చుకొందురు, మరియొక శాఖను ప్రశ్నింతురు. అభ్యర్థులు కొలదిమందియే యున్న శాఖను కొనసాగింపవలెనా యని సైతము చర్చింతురు.

ఉదాహరణకు ఉర్దూ మాధ్యమమునందో తెలుగు మాధ్యమమునందో 20 మంది విద్యార్థులు గల శాఖ ఒకటి కలదనుకొందము. ప్రతి విద్యార్థియు ఉత్తీర్ణుడగు సంభావ్యత 0.7 అనుకొందము. 14 మంది ఉత్తీర్ణులగుదురని ఎదురుచూడవలెను. ద్విపద విభాజనము ప్రకారము దీని ప్రామాణిక విచలనము సుమారు 2. అనగా అధ్యాపకుడు అదే, శ్రమ అదే, విద్యార్థుల స్థాయి అదే యైనను, ఒక యేడు 12 మంది, మరొక యేడు 16 మంది ఉత్తీర్ణులగుట సహజము. శాతములలో చెప్పినచో ఒక యేడు 60, మరొక యేడు 80. కాగితముపై అది ఘోర పతనముగానో అద్భుత ప్రగతిగానో కనిపించును. 500 మంది గల కళాశాలలో ఇట్టి సహజ భేదము రెండు శాతమే. పెద్ద కళాశాలకు తగిన కొలబద్దతో చిన్న శాఖను కొలిచినచో, 1960లో స్టెంగెల్‌కు జరిగినదే ఇచటను జరుగును.

అట్లని అంకెలను త్రోసిపుచ్చవలెనని మా భావము కాదు. నాలుగు సంవత్సరముల ఫలితములను కలిపి చూచినచో అభ్యర్థులు 80 మంది యగుదురు. అప్పుడు 56 మందికి బదులు 40 మందియే ఉత్తీర్ణులైనచో, లోటు ప్రామాణిక విచలనమునకు దాదాపు నాలుగు రెట్లు. దానిని అదృష్టముపై నెట్టుట ఆత్మవంచన. అచట లోపమును వెదకి సరిచేయవలెను. ఒక యేటి ఫలితముతో తీర్పు చెప్పరాదు. నాలుగేండ్ల ఫలితమును చూడకుండ కన్నులు మూసికొనరాదు. కార్యవర్గమువారికి మా మనవి ఇంతియే: శాతము ప్రక్కన ఎందరిలో ఎందరో ఆ సంఖ్యను కూడ అడుగుడు, ఈ యేటి ప్రక్కన గత మూడేండ్ల అంకెలను కూడ ఉంచుడు.

విద్యార్థులకు అభ్యాసముగా రెండు లెక్కలు ఇచ్చుచున్నాము. మొదటిది: ఒక్కొక్క ఆట గెలుచు సంభావ్యత 0.65 అయినచో సిరీస్ గెలుచు సంభావ్యతను కనుగొని మాస్టెల్లర్ చెప్పిన 0.80తో పోల్చుడు. రెండవది: మీ గత పరీక్షలన్నిటిలోని మార్కులను వరుసగా వ్రాసి సగటును, మధ్యగతమును కనుగొని, రెంటికిని భేదమున్నచో దానికి కారణమైన పరీక్ష ఏదో గుర్తింపుడు.

ఈ రెండవ లెక్కను, ఒకమారు తప్పి తల దించుకొని తిరుగు విద్యార్థి ముఖ్యముగా చేయవలెను. ఒక్క ఉదయము మూడు గంటల పరీక్ష అతని సంవత్సరములోని ఒక మెతుకు. అతని కుండ అంతయు కాదు. తొలిమారే ఉన్నత శ్రేణి పొందిన విద్యార్థియు అట్లే గర్వింపక, తన 154 ఆటల లెక్కను చూచుకొనవలెను.

ఉర్దూలో తఖ్దీరు, తద్బీరు అని రెండు మాటలు జంటగా వాడుదురు. తెలుగులో దైవము, పురుషకారము అందుము. ఏది ఎంత అని మన పెద్దలు తరతరములుగా చర్చించుచునే యున్నారు. సాంఖ్యక శాస్త్రము ఆ చర్చకు ముగింపు చెప్పదు. రెంటి నడుమ గల గట్టును కొలుచుటకు ఒక కొలత్రాడును మాత్రము మన చేతికిచ్చును. కడపటి ఆటలో బంతి ఎటు ఎగురునో మన వశములో లేదు. ఆ ఆట వరకు చేరుటకు 154 ఆటలు ఎట్లు ఆడుదుమో అది మన వశములోనే యున్నది.